మైకు ఆపని శుక్రవారం

ఈజిప్టులోని మల్లవీలో మా చర్చికి నాలుగు వందల కుటుంబాలున్నాయి. కరోనా సద్దుమణిగి, గేటుకు వేసిన గొలుసు తీసేసి ఆరు నెలలైనా శుక్రవారం పూజకు అరవై మంది దాటేవారు కాదు. మిగిలినవాళ్ళు దేవుణ్ణి మానేశారని కాదు, ఫోన్లో చూసేవారు. ఆ ప్రసారం మొదలుపెట్టింది నేనే. నా పేరు మక్రమ్, మందుల షాపు నడుపుతాను, చర్చిలో పూజకు సాయపడే డీకన్‌ని. తలుపులు మూసిన రోజుల్లో బలిపీఠం ఎదుట ఫోను నిలబెట్టి, పాదిరి గారి అంగీకి చిన్న మైకు తగిలించి పూజను ఇంటింటికీ చేర్చాను. అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పే తర్వాత మా మెడకు చుట్టుకుంది.

మా పాదిరి పేరు సరాబామోన్, 'మా తండ్రి' అనే అర్థంలో అబూనా అంటాం. మంచి ఓపిక గలవారు. ఆగిపోయిన సేవలన్నీ మళ్ళీ మొదలుపెట్టాలని గోడకు ఐదు కాగితాలు అంటించారు: పిల్లల బడి, తల్లుల సంఘం, పాటల బృందం, రోగుల పరామర్శ, పూజ తర్వాత అందరికీ పెట్టే ఫూల్ అనే చిక్కుడు గింజల వంట. ఇష్టమున్నవాళ్ళు పేర్లు రాయాలి. మూడు వారాలకు ఐదు కాగితాల మీదా ఒకే పేరు కనిపించింది. ఇన్‌సాఫ్.

ఇన్‌సాఫ్ అబ్లా రిటైరైన లెక్కల టీచరు. టీచరమ్మలను మా దగ్గర అబ్లా అంటారు. డెబ్బై ఏళ్ళు. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతి దెబ్బలు తిన్నవాళ్ళే, నాతో సహా.

"పాటల బృందంలో కూడా రాశారేంటి అబ్లా?" అని అబూనా భయంభయంగా అడిగారు. ఆవిడ గొంతు ఊరందరికీ తెలుసు.

"ఖాళీ పేపరు చూస్తే నాకు ఒళ్ళు మంట అబూనా. ఏదో ఒకటి రాయాలి కదా!"

ఆ తర్వాత ఆవిడ చేతికర్ర పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. వారం తిరిగి, శుక్రవారం పూజ అయ్యాక మెట్ల మీదే అబూనాను ఆపి నివేదిక ఇచ్చింది. నేను తెర వెనక పళ్ళేలు తుడుస్తున్నాను. ఫోను ఆపాలన్న సంగతి నాకు గుర్తు లేదు. అబూనా అంగీకి మైకు అలాగే ఉంది.

"వగీహ్ ఇంటికెళ్ళాను అబూనా. మంచం మీద వెల్లకిలా పడుకుని పోయినవారం పూజ మళ్ళీ పెట్టుకుని చూస్తున్నాడు. ఉపవాసం లేదు ఏమీ లేదు, చేతిలో తామియా వడల రొట్టె! మీరు దీవెన ఇస్తుంటే నోట్లో ముద్దతోనే 'ఆమెన్' అన్నాడు."

అబూనా నవ్వు ఆపుకున్నారు.

"ఫెర్యాల్‌కేమో మోకాళ్ళ నొప్పులట. మెట్లెక్కలేదట. ఆ మోకాళ్ళని నేను మొన్న పెళ్ళిలో చూశాను. రెండు గంటలు ఆగకుండా ఆడాయి."

ఈసారి నవ్వు కొంచెం బయటికొచ్చింది.

"మరి నసీఫ్?"

"వాడి ఊసెత్తకండి. ఇరవై ఏళ్ళు మనకి ఫూల్ వండిపెట్టిన మనిషి, రెండేళ్ళుగా గడప దాటడు. కొవ్వెక్కి బద్ధకం పట్టింది. కూర్చుంటే అచ్చం ఆ ఫూల్ కుండలాగే ఉన్నాడు!"

అబూనా పొట్ట పట్టుకుని పకపకా నవ్వారు.

నేను పళ్ళేలు సర్ది ఫోను తీయబోయాను. మామూలుగా పూజ చివర ముప్పై మంది కూడా మిగలరు. ఆ రోజు చూస్తున్నవాళ్ళు మూడు వందల నలభై అని ఫోను మీద ఉంది. కింద రాతలు వరదలా పారుతున్నాయి.

వగీహ్: "అది తామియా కాదు, గుడ్డు."

ఫెర్యాల్: "అది నా సొంత మేనకోడలి పెళ్ళి! ఆడకుండా కూర్చుంటే ఓర్వలేక ఏడుస్తున్నానని అనరా?"

ఇంకెవరో: "అబ్లా, మా ఇంటి సంగతి కూడా చెప్పండి, వింటున్నాం."

నసీఫ్ ఒక్క ముక్కే రాశాడు: "దేవుడు నిన్ను క్షమించాలి అబ్లా."

ఫోను ఆపి తీసుకెళ్ళి ఇద్దరికీ చూపించాను. అబూనా గోడకు జారగిలబడ్డారు. అబ్లా కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివింది. నసీఫ్ రాసిన దగ్గర ఆగిపోయింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, అందుకే ఇంకా భయమేసింది.

మరుసటి శుక్రవారం చర్చి కిటకిటలాడింది. అందరూ పోట్లాటకే వచ్చారు. వగీహ్ సూటు వేసుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, మొదటి వరసలో రెండున్నర గంటలు నిటారుగా నిలబడ్డాడు. ఫెర్యాల్ పద్దెనిమిది మెట్లూ దడదడా ఎక్కి వచ్చి, పైకొచ్చాక గుర్తొచ్చి మోకాలు పట్టుకుంది.

ప్రసంగంలో అబూనా బైబిలు వాక్యం చదవలేదు. "ఆవిడ అలసిపోయి నాలుగు మాటలంది. పాదిరినై ఉండి నవ్వింది నేను. పెద్ద తప్పు నాదే" అని అందరి ముందు తలవంచారు.

పూజ కాగానే జనం అబ్లా మీదకు కదిలారు. ఆవిడ గోడ మీది కాగితాలు పీకి, పెన్ను పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"నేను మంచం మీద పడుకున్నానని ఊరంతా చాటుతారా?" అన్నాడు వగీహ్.

"తప్పే నాన్నా. తిట్టు. ముందు ఇక్కడ పేరు రాసి తిట్టు."

"నేను రాయను!"

"అయితే వెనక్కి జరుగు, నీ వెనక తిట్టేవాళ్ళున్నారు."

వగీహ్ పరామర్శ కాగితం మీద రాసి, ఆ తర్వాత తృప్తిగా తిట్టాడు. ఫెర్యాల్ రెండింటిలో రాసి రెట్టింపు తిట్టింది. మధ్యాహ్నానికి కాగితాలు నిండాయి. అబ్లా ముఖంలో మాత్రం సంతోషం లేదు. నసీఫ్ రాలేదు.

శనివారం నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి బయల్దేరింది. "మైకు ఆపనివాడివి, సగం తిట్లు నీకూ రావాలి" అంది.

నసీఫ్ తలుపు తీసి, కూర్చోబెట్టి, చక్కెర లేని కాఫీ చేసి తెచ్చాడు. మా దగ్గర చావింట్లో ఇచ్చే కాఫీ అది.

"కొవ్వెక్కిన మాట నిజమే అబ్లా," అన్నాడు. "బద్ధకం మాత్రం కాదు. ఆ కరోనాలో మా ఆవిడ, నా ఎవ్లీన్, పోయిన రోజు సమాధి దగ్గర నలుగురమే ఉన్నాం. నేను, అబూనా, అంబులెన్సువాళ్ళిద్దరు. ఊళ్ళో ఎవరింట చావైనా ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి వందల మందికి కాఫీ కాచేది. ఆవిడ పోతే మా ఇంట్లో ఒక్క కప్పు తాగినవాళ్ళు లేరు. చర్చికొస్తే ఆడవాళ్ళ వైపు చూడాలి. చూస్తే అందరూ ఉంటారు, ఆవిడ ఉండదు."

అబ్లా కప్పు దగ్గరికి లాక్కుంది.

"సర్కారువాళ్ళు రావద్దన్నారు కాబట్టి రాలేదని చెప్పుకున్నాన్రా," అంది. "అబద్ధం. భయపడి రాలేదు. భయం పోయాక సిగ్గేసి రాలేదు. సిగ్గు దాచుకోడానికి నిన్ను ఎగతాళి చేశాను."

కప్పెత్తి గడగడా తాగేసింది. ఆవిడకు కాఫీ పడదని, గుండె దడ వస్తుందని నాకు తెలుసు, మందులిచ్చేది నేనే. వద్దనబోతే కర్రతో నా కాలు నొక్కింది.

"ఇంకో కప్పు పొయ్యి నాన్నా. రెండేళ్ళ బాకీ."

మూడు కప్పులు తాగింది. ఆ సాయంత్రం మా షాపులో కూర్చోబెట్టి మూడుసార్లు బీపీ చూశాను.

నసీఫ్ ఇంటి నుంచి వస్తూ దారిలోనే నిర్ణయించేసింది. ఆ రెండేళ్ళలో పరామర్శ లేకుండా వెళ్ళిపోయినవాళ్ళు మా చర్చిలో పన్నెండు మంది. గురువారం హాల్లో వాళ్ళ ఫోటోలు వరసగా పెట్టి, కుర్చీలు వేసి, అందరికీ కలిపి ఒకేసారి పరామర్శ సభ పెట్టాం. ఏ కాగితం మీదా లేని సేవ అది. మూడు వందల మంది వచ్చారు. ఒకరి చేతులొకరు పట్టుకుని, రెండేళ్ళు దాచుకున్న ఏడుపంతా ఏడ్చారు.

కాఫీ బాధ్యత వగీహ్ తీసుకున్నాడు. అది కాఫీ కాదు, నల్ల బురద. ఫెర్యాల్ చక్కెర వేద్దామంది, అబ్లా చావు కాఫీలో చక్కెరేంటని గిన్నె లాక్కుంది. ఎవ్లీన్ ఫోటో పక్కన కూర్చున్న నసీఫ్ ఒక గుటక తాగి మొహం చిట్లించాడు. ఇంకో గుటక తాగాడు. లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

"లే వగీహ్, లే. నా భార్య పేరు మీద ఇలాంటి కాఫీ పోస్తే ఆవిడ లేచి వచ్చి కొడుతుంది" అని అతన్ని పక్కకు తోసి పొయ్యి ముందు నిలబడ్డాడు. రాత్రి దాకా కదల్లేదు.

అక్కడి నుంచి పరామర్శ బృందం నసీఫ్‌ది అయిపోయింది. పిల్లల బడికి మొదట్లో పిల్లల కంటే టీచర్లే ఎక్కువ వచ్చారు, నెల తిరిగాక సర్దుకుంది. మంచం పట్టినవాళ్ళ కోసం ప్రసారం ఉంచాం.

పరామర్శ సభ తర్వాత రెండో శుక్రవారం ఫూల్ వంట మొదలైంది. నసీఫ్ ముందు రోజే గింజలు నానబోసి, తెల్లవారుజామునే వచ్చి కుండ ఎక్కించాడు. పూజ అయ్యేసరికి జీలకర్ర వాసన మెట్ల దాకా కొట్టింది. ఉపవాసంతో ఉన్న జనం గరిటె చప్పుడుకే ఎగబడ్డారు. ఉప్పు కొంచెం ఎక్కువైందని అందరూ గొణిగారు, అందరూ రెండోసారి పెట్టించుకున్నారు.

అబూనా పళ్ళెం పట్టుకుని నేరుగా కుండ దగ్గరికి వచ్చారు.

"లైన్లో రావాలి అబూనా," అన్నాడు నసీఫ్, తల ఎత్తకుండా.

అబూనా బుద్ధిగా వెనక్కి వెళ్ళి, ఎనభై మంది తర్వాత నిలబడ్డారు. ఆయన వంతు వచ్చేసరికి కుండ ఖాళీ. రొట్టె, ఉల్లిపాయ తిని ఇంటికెళ్ళారు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను ఆ రెండేళ్ళలో చూడలేదు.