స్టాపులో ఎక్కిన నీడ

సెలవు దొరికిన మొదటిరోజు కూడా డ్రైవరు తెల్లవారకముందే లేచాడు. మొహం కడుక్కుని, డ్యూటీ చొక్కా తొడుక్కుని, వంటింట్లో నిలబడి టీ తాగుతుంటే భార్య వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి బయల్దేరారు?"

"డ్యూటీకి" అన్నాడు. గ్లాసు సగంలో ఆగింది. "కాదు కదూ."

"కాదు. ఆ చొక్కా విప్పి మంచిది వేసుకోండి. వ్యానులో సామాను సర్దాలి."

అతను సిటీ బస్సు నడుపుతాడు. మీసాలు రాని వయసులో స్టీరింగు పట్టుకున్నాడు, ఇప్పుడు మీసాలు నెరిశాయి, రూటు మాత్రం అదే. ఆమె టెంట్లు కుట్టే కార్ఖానాలో పనిచేస్తుంది. అక్కడ అందరూ ఆమెని టెంటక్క అంటారు, ఆఖరికి యజమానితో సహా. జనం సముద్రం ఒడ్డున, అడవుల్లో, కొండల మీద వేసుకునే టెంట్లలో సగం ఆమె మిషను కింద నుంచి వెళ్ళినవే. ఏ కుట్టు దగ్గర వాన కారుతుందో, ఏ మూల గాలికి ముందు చిరుగుతుందో ఆమెకి కొట్టిన పిండి. అలాంటి మనిషి టెంటులో ఒక్క పూట పడుకున్న పాపాన పోలేదు.

ఈసారి మిగిలిపోయిన గుడ్డముక్కలన్నీ అతికి తమకోసం ఒక టెంటు కుట్టుకుంది. దానికి లేని రంగు లేదు. డ్రైవరు దాన్ని విప్పి చూసి, "దూరం నుంచి చూస్తే ఎవరో బట్టలారేసి మర్చిపోయారనుకుంటారు" అన్నాడు. అని, ఆమె చూపు చూసి, గబగబా మడతపెట్టాడు.

వ్యాను ఆమె తమ్ముడిది. అతను దాంట్లో ఉల్లిపాయలు తిప్పుతాడు. ఎంత కడిగినా ఆ వాసన పోలేదు. "బావా, అద్దాలు దించుకుని వెళ్ళండి, సముద్రం గాలికి అదే పోతుంది" అని తాళాలు చేతిలో పెట్టాడు.

ఇదంతా సరదా కోసమే అనుకుంటే పొరపాటు. సముద్రం వెంట వెళ్ళి, అడవి దాటి, మళ్ళీ సముద్రం తగిలేచోట ఒక మిట్ట ఉంది. మూడు పక్కలా నీళ్ళు. పడవలు బాగుచేసే పెద్దాయన ఒకాయన దాన్ని అద్దెకిస్తానన్నాడు. అక్కడ టెంట్లు వేసి, దారినపోయేవాళ్ళకి బస ఏర్పాటు చెయ్యాలని టెంటక్క కోరిక. ఏడాదిగా మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. ఆదివారం మధ్యాహ్నంలోగా ఏ సంగతీ చెప్పకపోతే కంకర గుట్టలు పోసుకునేవాళ్ళకి ఇచ్చేస్తానని పెద్దాయన కబురు పెట్టాడు.

"చెట్టన్నది లేని చోట ఎవరుంటారే? మాడిపోతారు" అని డ్రైవరు మొదటినుంచీ అంటున్నాడు. ఆ మాట అబద్ధం కాదు. కానీ అసలు భయం వేరు. అక్కడికి వెళ్ళాలంటే బస్సు మానుకోవాలి. బస్సు దిగితే తను ఎవరో అతనికే తెలీదు. ఆ సంగతి పైకి చెప్పడానికి నోరు రాలేదు. చివరికి, "సరే, చూసొద్దాం పద. చూశాక నీ నోటితో నువ్వే వద్దంటావు" అన్నాడు. ఆమె అప్పుడే సామాను సర్దడం మొదలుపెట్టింది.

ఊరు దాటగానే ఎడమవైపు సముద్రం తగిలింది. రోడ్డు దాని అంచునే మెలికలు తిరుగుతూ పోతోంది. కింద నల్లటి రాళ్ళు, వాటి మీద తెల్లటి నురగ, రెక్కలు ఆరబెట్టుకునే కొంగలు. టెంటక్క కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ ఉంటే వ్యాను ఉన్నట్టుండి నెమ్మదించి పక్కకి ఆగింది. డ్రైవరు చెయ్యి చాచి పక్క తలుపు తెరిచాడు. ఎవరూ లేరు. కాసేపు చూసి తలుపు మూశాడు.

"ఎవరి కోసం ఆపారు?"

"బస్టాపు కదా."

"మనది ఉల్లిపాయల బండి."

"తెలుసులే" అన్నాడు. తర్వాతి స్టాపులోనూ ఆపాడు. ఆ తర్వాతి స్టాపులోనూ. ఒకచోట ఇద్దరు కాలేజీ అమ్మాయిలు నిజంగానే ఎక్కి, కబుర్లు చెప్పుకుంటూ పక్క ఊళ్ళో దిగి, "థాంక్యూ అంకుల్" అని వెళ్ళిపోయారు. ఇక చెప్పి లాభం లేదని టెంటక్క ఊరుకుంది.

ఆ సాయంత్రం ఇసుకలో టెంటు వేసుకున్నారు. తెల్లవారి డ్రైవరుకి మెలకువ వచ్చేసరికి భార్య లేచి కూర్చుని తననే చూస్తోంది. గుడ్డముక్కల్లోంచి ఎండ రంగురంగులుగా లోపలికి దిగింది.

"మీ మొహం సగం పచ్చగా ఉంది, సగం ఎర్రగా ఉంది" అంది. "ఇన్నేళ్ళూ కుట్టాను. లోపల వెలుతురు ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదండీ నాకు." నవ్వుతూనే అంది కానీ కళ్ళు తుడుచుకుంది. డ్రైవరు టీ పెడతానని లేచి బయటికి వెళ్ళాడు.

రెండోరోజు అడవిలోకి మళ్ళారు. అది పాత దారి. చెట్లు రెండువైపులా వాలి ఒకదాన్నొకటి తాకుతున్నాయి. ఒక మలుపులో, తుప్పుపట్టిన బోర్డు పక్కన, పెద్ద చెట్టొకటి ఒంటరిగా నిలబడి ఉంది. బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. అయినా స్టాపు స్టాపే. డ్రైవరు ఆపి తలుపు తెరిచాడు.

చెట్టు కింద పరుచుకుని ఉన్న నీడ కదిలింది. అంచులన్నీ దగ్గరికి లాక్కుని, బురదలో నడిచేవాళ్ళు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్నట్టు కాస్త పైకి లేచి, మెట్టెక్కి లోపలికి వచ్చింది. చాలా పెద్ద నీడ. సీట్లు నిండిపోయి, సగం పైకప్పు మీదికి, మిగతాది కిటికీల్లోంచి బయటికి వేలాడింది.

"జాగ్రత్తగా సర్దుకుని కూర్చోండి" అని, అలవాటు కొద్దీ, తలుపు వేసి డ్రైవరు గేరు మార్చాడు.

కొంతదూరం వెళ్ళాక టెంటక్క నెమ్మదిగా అంది. "ఏవండీ, నీడ ఎక్కింది."

"అద్దంలో చూశాను."

"ఎక్కడికట?"

"మనం అడక్కూడదు. ఎవరి స్టాపు వస్తే వాళ్ళే దిగుతారు."

వ్యానులో చల్లగా ఉంది. ఉల్లిపాయల వాసన పోయి తడి ఆకుల వాసన వచ్చింది. టెంటక్క ఒళ్ళో ఆకుల నీడలు కదులుతుంటే ఆమెకి మిట్ట గుర్తొచ్చింది, సిగ్గేసింది. ఎవరి సొమ్మో తీసుకుపోతున్నట్టుగా ఉంది. అందుకే అడవి చివర గేటు దగ్గర గార్డు కనబడగానే తనే ముందు దిగి చెప్పేసింది. "బాబూ, మేం తేలేదు, అదే ఎక్కింది. వెనక్కి తీసుకెళ్ళి దింపమంటే దింపుతాం."

గార్డు వ్యానుని ఈ చివరినుంచి ఆ చివరికి చూశాడు. "పాత స్టాపు చెట్టుదేగా? ఎక్కడ దింపుతారక్కా? రోడ్డు వెడల్పు చేస్తున్నారు, వచ్చేవారం ఆ చెట్టు కొట్టేస్తారు. మొన్న ఎర్ర రంగు పూసి పోయారు. అప్పట్నుంచీ దాని నీడ బస్సు కోసం చూస్తూనే ఉంది పాపం. ఆ దారిలో బస్సులు తీసేసి ఎన్నేళ్ళయిందో. అక్కడ ఎవరాపుతారు?" అని గేటు ఎత్తాడు. "మీరు ఆపారు. వెళ్ళిరండి."

డ్రైవరు కొంచెం ఛాతీ విరుచుకున్నాడు. స్టాపు దగ్గర ఆపడం గురించి ఆ పూటంతా భార్యకి మరో రెండు మాటలు ఎక్కువే చెప్పాడు.

పెట్రోలు బంకులో అమ్మాయి గొట్టం చేతిలో పట్టుకుని, "అన్నా, మీ నీడ కొంచెం ఇటు జరుపుకోండి, గాలి కొట్టించుకునేవాళ్ళు ఎండలో ఉన్నారు" అంది. అతను వ్యాను వెనక్కి తీశాడు. స్కూటరు మీదున్న ఒకాయన ఆ నీడలోనే చిన్న కునుకు తీశాడు. చంటిపిల్లని ఎత్తుకున్న ఒకామె దాని కిందికి వచ్చి పిల్ల మొహం మీద గుడ్డ తీసింది. వాళ్ళంతా వెళ్ళేదాకా డ్రైవరు బండి కదపలేదు.

మళ్ళీ సముద్రం కనబడ్డాక మాత్రం అతనికి గుబులు మొదలైంది. మిట్ట మీద చెట్టు లేదన్నదొక్కటే అతని వాదన. ఈ నీడ కాస్తా అక్కడే దిగితే? అప్పటినుంచి ప్రతి స్టాపులోనూ మరీ ఎక్కువసేపు ఆపసాగాడు. తలుపు బార్లా తెరిచి, వెనక్కి తిరిగి, "ఇక్కడ గాలి బాగుంటుంది" అనేవాడు. ఇంకోచోట, "స్కూలు పక్కనే, పిల్లలకి ఉపయోగం" అన్నాడు. నీడకి ఉలుకూ పలుకూ లేదు.

"ఇన్నాళ్ళ సర్వీసులో ఏ స్టాపు గురించైనా ఇంత గొప్పగా చెప్పారా?" అని టెంటక్క అడిగింది. డ్రైవరు తలుపు మూసి బండి కదిపాడు.

ఆదివారం ఎండ నడినెత్తికి వచ్చే వేళకి మిట్ట చేరారు. పెద్దాయన తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కళ్ళు చికిలించి కూర్చున్నాడు. మూడు పక్కలా సముద్రం నీలంగా మెరుస్తోంది. నేల మీద మాత్రం కాలు పెట్టేలా లేదు.

"కంకరవాళ్ళు బయల్దేరారమ్మా. చూసుకుని ఏదో ఒకటి చెప్పు" అన్నాడు.

టెంటక్క దిగింది. డ్రైవరు దిగలేదు. దిగితే ఎలా ఉందని అడుగుతుందని భయం. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాడు. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని ఆ చివరిదాకా నడిచింది. ఇక్కడొకటి, అక్కడొకటి అని చేత్తో గాల్లోనే టెంట్లు వేసుకుంది. చెమట తుడుచుకుంది. తిరిగొచ్చి వ్యాను పక్కన, నీడలో నిలబడింది. నీడ వ్యానుని అంటిపెట్టుకునే ఉంది. దిగమనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఇల్లు పోగొట్టుకుని వచ్చినదాన్ని తన అవసరానికి అడగడానికి మొహం చెల్లలేదు. ఎక్కి తన సీటులో కూర్చుంది.

"పదండి" అంది. "మీరన్నదే నిజం. ఇక్కడెవరుంటారు."

డ్రైవరు గెలిచాడు. తాళం తిప్పితే చాలు, సెలవు కాగానే తన బస్సు, తన రూటు. సంతోషించాల్సిన మాటే. కానీ పక్కకి తిరిగితే ఒళ్ళో ఆమె చేతులు కనబడ్డాయి. ఊరికే పడి ఉన్నాయి. పెళ్ళైనప్పటినుంచి ఆ చేతులు ఏ పనీ లేకుండా ఉండటం అతను చూడలేదు. నిద్రలో కూడా దుప్పటి అంచు తడుముతూ కుట్టు సరిచూసే చేతులు అవి. దారి పొడుగునా నీడని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలని తను చేసిన పని గుర్తొచ్చి అతని మీద అతనికే అసహ్యం వేసింది.

తలుపు తెరిచాడు. వెనక్కి తిరిగి, ప్రతి రాత్రీ డిపోలో అనే మాట అదే గొంతుతో అన్నాడు. "బండి ఇంక ముందుకి పోదు. అందరూ దిగాలి."

అని, ముందుగా తనే దిగాడు.

నీడ వెంటనే కదల్లేదు. వెనకసీటులో నిద్రపోయేవాళ్ళు ఆఖర్న లేచినట్టు, తీరిగ్గా లేచింది. పైకప్పు మీంచి జారి, కిటికీల్లోంచి తనని తాను లాక్కుని, మెట్టు దిగి నేల మీద నిలబడింది. కాసేపు అటూ ఇటూ చూసుకున్నట్టు ఊగింది. తర్వాత మిట్ట మధ్యకి పోయి, ఒక్కో అంచూ వదులుతూ పరుచుకుంది. పెద్దాయన తువ్వాలు తీసి భుజాన వేసుకుని, కుర్చీని దాని కిందికి జరుపుకున్నాడు.

"ఏమంటావమ్మా మరి?" అన్నాడు.

టెంటక్క నీడని చూడటంలేదు. మొగుణ్ణే చూస్తోంది. "ఆ మాట దానికోసం అన్నారా?"

"అందరూ అన్నాను కదా."

"మీరు కూడానా?"

"నేనే కదా ముందు దిగింది."

"మరి మీ బస్సు?"

"ఇంకెవరో నడుపుతారు" అన్నాడు. "నాకు భయంగానే ఉందే. రేపటినుంచి నేనేం చెయ్యాలో నాకు తెలీదు."

ఆమె దిగింది. వ్యాను వెనక్కి వెళ్ళి టెంటు, సుత్తి, మేకుల సంచీ బయటికి లాగింది. పెద్దాయనకేసి తిరిగి, "కంకరవాళ్ళని వెనక్కి వెళ్ళమనండి" అంది. తర్వాత నీడ అంచున మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో నేల సరిచేసింది.

"ఇలా రండి. ఈ మేకు పట్టుకోండి."

డ్రైవరు వంగి పట్టుకున్నాడు. ఆమె సుత్తి ఎత్తింది.

"వేలు తియ్యండి" అంది.