రాములమ్మ చెయ్యి

ఆరు నెలలుగా రాములమ్మ కుడిచెయ్యి లేవడం లేదు. నరాలు బాగానే ఉన్నాయన్నారు దవాఖానలో. స్కానింగ్‌లోనూ ఏమీ దొరకలేదు. చివరికి ఒక డాక్టరు, సూర్యాపేటలో కౌన్సెలింగ్ చేసే అనురాధ దగ్గరికి పంపించాడు. 2009 ఎండాకాలం అది.

భర్త దుర్గయ్య గొర్లను వదిలి రాలేడు. తుంగతుర్తి నుంచి ఆమె ఒక్కతే బస్సెక్కి వచ్చేది, చేతిని కొంగులో చుట్టుకుని.

అనురాధ హైదరాబాద్‌లో నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. మనిషి మనసులో అణిగిపోయినదాన్ని పట్టుకుని చెప్పాలి. తన మనసు మాత్రం బయటపడనివ్వకూడదు. ఎవరేమిచ్చినా పుచ్చుకోకూడదు.

కొన్నాళ్ళకు రాములమ్మ నోరు విప్పింది. డిగ్రీ చదివే కూతురు ప్రశాంతి ఒకనాడు పొద్దున అన్నం తినకుండా కాలేజీకి బయల్దేరింది. ఎంత బతిమాలినా వినకపోయేసరికి రాములమ్మ కోపమొచ్చి పిల్లను చెంప మీద కొట్టింది. పిల్ల ఏడ్చుకుంటూ పోయింది. దారిలో ఆటో బోల్తా పడి చనిపోయింది.

"గీ చెయ్యితోనే కొట్టిన," అంది రాములమ్మ.

"ఆ చెయ్యికి మీరే శిక్ష ఏసుకున్నరమ్మా."

మాట నిజమే. రాములమ్మ తలూపింది కూడా. చెయ్యి మాత్రం లేవలేదు.

మరుసటి వారం జొన్నరొట్టె, పుంటికూర తెచ్చింది. "తిను బిడ్డా, పొద్దుగాల్నుంచి గిట్లనే కూసున్నవ్."

"వద్దమ్మా. ఇక్కడ తీసుకోవద్దు," అంది అనురాధ నవ్వుతూ.

రాములమ్మ డబ్బా మూసేసింది. ఆ తర్వాత రాలేదు.

అనురాధకు మొదట చిరాకేసింది, తర్వాత ఆమెకేమైందోనని భయం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం తన క్యారియర్ విప్పుతుంటే తట్టింది, అన్నం వద్దన్న ఆ పిల్లలాగే తనూ వద్దంది. ఆ పొద్దుటి సంగతి ఈ గదిలో మళ్ళీ జరిగిపోయింది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మధ్య బంధం కూడా వైద్యమేనని కొందరంటే ఇన్నాళ్ళూ ఆమె కొట్టిపారేసింది. నేర్చుకున్నది వదల్లేదు గానీ, ఆ మాటనూ దానికి కలుపుకుంది. ఫోన్ చేసి రాములమ్మను పిలిచింది. ఆమె వచ్చి ఎదురుగా కూర్చున్నాక అడిగింది.

"ఆనాడు నేను వద్దంటే ఎట్లనిపించింది?"

"ఏమనిపిస్తది? పెద్ద సదువు సదివినవ్."

"నా మీద కోపం రాలేదా? మీరు రాకుంటే నాకు బాధైంది. ఎదురుసూసిన."

రాములమ్మ చటుక్కున తలెత్తింది. "వచ్చింది కోపం! అంత ప్రేమతోని తెస్తే... నీక్కూడా ఒక్కటి..."

ఆగిపోయింది. కుడిచెయ్యి భుజం దాకా లేచి ఉంది. దాన్ని చూసి బావురుమంది.

"నేనెక్కడికీ పోనమ్మా. గీడనే ఉంట," అంది అనురాధ.

రోజురోజుకీ చెయ్యికి సత్తువ వచ్చింది. దుర్గయ్య సంబరపడి ఫోన్ చేశాడు. రాములమ్మ మొహంలో మాత్రం సంతోషం లేదు.

"చెయ్యి పడిపోయినన్నాళ్ళు, అది నా బిడ్డతోటే పోయిందనుకున్న," అంది ఒకరోజు. "దానికి తోడుగా ఏదో ఒకటి పంపిననుకున్న. ఇప్పుడా పిల్ల ఒంటరిదైపోయింది గద బిడ్డా."

అనురాధ దగ్గర చెప్పడానికి మాటలు చాలానే ఉన్నాయి. వాటిని పక్కన పెట్టింది. కళ్ళనీళ్ళు దాచుకోలేదు.

వానలు పడ్డాక రాములమ్మ నాట్లకు పోవడం మొదలుపెట్టింది. పొద్దుటిపూట మాత్రం పొయ్యి దగ్గరికి పోలేకపోతోంది. ఆ పూట వంట దుర్గయ్యే చేస్తున్నాడు.

"ఇంకా కొన్నాళ్ళు రావాలె మీరు," అంది అనురాధ.

"వస్త," అంది రాములమ్మ.