సవ్విచ్ కూర్చున్న పుస్తకం

మా నాటకశాల వార్షికోత్సవానికి కలప మిల్లు యజమాని వెనియమిన్ కర్పోవిచ్ ఒక పుస్తకం ఇచ్చాడు. పాత రష్యన్ నాటకాల సంపుటం. ముదురెరుపు మేకతోలు అట్ట, అంచులకు బంగారు పూత. నలభై ఏళ్లుగా ఇక్కడ నాటకప్రతులకు అట్టలు కడుతున్నాను. అలాంటి తోలు నా చేతికి రాలేదు.

"మా నాన్న ఇచ్చిందిది. ఇరవై ఏళ్లుగా ప్రతి చలికాలం మొదటినుంచి చివరిదాకా చదువుతున్నాను," అన్నాడు వేదిక మీద. అందరూ చప్పట్లు కొట్టారు.

పుస్తకం అందుకోమని మాలో అందరికంటే పెద్ద నటుడు రొదియోన్ సవ్విచ్‌ను పిలిచారు. డెబ్బై ఎనిమిదేళ్లు. వచ్చే శనివారం నాటకంలో ముసలి నౌకరు వేషం ఆయనదే. ఆ నాటకమూ ఆ సంపుటంలో ఉంది. బరువుకు పుస్తకం చేజారి కిందపడింది.

తన పాత్ర ఉన్న కాగితం నేల తాకితే నటుడు దాని మీద కూర్చుని లేవాలి. లేకపోతే పాత్ర చేజారుతుందని మా నటుల నమ్మకం. మావాళ్లెవరూ ఇది తప్పరు. సవ్విచ్ మోకాళ్లు పట్టుకుని, మెల్లగా ఆ మేకతోలు మీద కూర్చున్నాడు. పుస్తకం వెన్ను టక్కుమంది.

"నా పుస్తకం మీద పిర్రలు పెడతావా, ముసలోడా!" వెనియమిన్ అరిచాడు.

"వేషం పోతుంది బాబూ. ఒక్క నిమిషం ఓర్చుకో."

దర్శకుడు గ్లెబ్ పరుగున వచ్చి ఆయన రెక్క పట్టుకు లాగాడు. "లేవయ్యా, పరువు తీశావు! క్షమాపణ చెప్పు. లేదంటే శనివారం వేషం ఇంకొకడిది."

"చెప్పను. నటుడిగా ఉన్నప్పుడు నువ్వు నీ కాగితాల మీద పొదిగే కోడిలా కూర్చునేవాడివి. మర్చిపోయావా గ్లెబ్?"

గ్లెబ్ అన్నంత పనీ చేశాడు, వేషం తీసేశాడు. నా ఒళ్లు మండింది.

మర్నాడు బాగుచేయమని పుస్తకాన్ని నా బల్ల మీద పడేశారు. విప్పబోతే పుటలు విడలేదు. బంగారు పూతకు అంచులు అంటుకునే ఉన్నాయి. ఒక్కసారి తిరగేస్తే విడిపోవాల్సినవి. కత్తితో విడదీస్తూ పోయాను. శనివారం నాటకం నడుమ పదహారు పేజీలు తలకిందులుగా కుట్టి ఉన్నాయి. నాది మూడో తరగతి చదువు, కూడబలుక్కుని చదువుతాను. నాకే తెలిసింది. ఇరవై చలికాలాలట!

పుస్తకం చంకన పెట్టుకుని మిల్లుకు నడిచాను.

"రా యెగోరిచ్, టీ తాగుతావా?" అన్నాడు వెనియమిన్.

ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. "ఇక్కడేముందో చెప్పండి. ఇరవైసార్లు చదివారుగా."

ఆయన ముందు తల తిప్పాడు, తర్వాత పుస్తకం తిప్పాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"ఇప్పటికి నాకు."

"నువ్వు ఎక్కువ మాట్లాడే మనిషివి కాదంటారే."

"శనివారాన్ని బట్టి ఉంటుంది."

ఆయన ఫోన్ తీశాడు. "గ్లెబ్, ఆ ముసలాయన్నే ఆడనీ. పోనీలే, నేను క్షమించేశాను."

క్షమించాడట! నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

శనివారం సవ్విచ్ ఒక్క మాట తడబడకుండా ఆడాడు. తెర పడ్డాక కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"ఆ వెనియమిన్‌ది ఎంత పెద్ద మనసు చూశావా! అనవసరంగా తిట్టుకున్నాను. వెళ్లి చేతులు పట్టుకుని దణ్ణం పెట్టి వస్తా. నువ్వూ రా."

"నువ్వెళ్లు," అన్నాను.

వెళ్లాడు. తెర సందులోంచి ముందు వరస వైపు చూశాను. సవ్విచ్ నడుము వంచి నిలబడ్డాడు. వెనియమిన్ ఆయన భుజం తడుతున్నాడు, తడుతూనే ఉన్నాడు.