జిడ్డుగారి ఫోల్డర్

నీటి సరఫరా కార్యాలయంలో పైపుల పటాలు గీసే ఆవిడను అందరూ పటాలక్క అనే పిలిచేవారు. ఏ వీధి కింద ఏ గొట్టం ఎటు పోతుందో, ఏ మలుపు దగ్గర వాల్వు ఉందో పదకొండేళ్లుగా గీసి, అన్నిటినీ సర్వర్‌లో ఒకే ఫోల్డర్‌లో దాచింది. ఆ ఫోల్డర్ పేరు ‘జిడ్డుగారు’.

జిడ్డుగారంటే పెద్ద ఇంజినీరు. ఆవిడ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఒకే పటాన్ని తొమ్మిదిసార్లు తిప్పి పంపాడాయన. తొమ్మిదోసారి దొరికిన తప్పు, ఒక వాల్వు గుర్తు వెంట్రుకవాసి ఎడమకు జరగడం. ఒళ్లు మండి ఫోల్డర్‌కు ఆ పేరు పెట్టింది. ఎంత కోపమైనా పెద్దమనిషి కదా అని ‘గారు’ చేర్చింది. తర్వాత మారుద్దాం, మారుద్దాం అనుకుంటూనే ఏళ్లు గడిచిపోయాయి.

ఒక బుధవారం పొద్దున్న ఇంజినీరు ఆవిడ బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

“పాత సర్వర్ తీసేస్తున్నారటమ్మా. మీ ఫోల్డర్ మొత్తం ఒక్క ఫైలుగా కుదించి, డ్రైవ్‌లో పెట్టివ్వండి. మధ్యాహ్నంలోగా.”

“అలాగేనండి,” అంది.

ఆయన అటు వెళ్లగానే పేరు మార్చబోయింది. అనుమతి లేదంది కంప్యూటరు. సర్వర్‌కు అప్పటికే తాళం పడింది. ఫైళ్లను బయటికి తీసుకోవచ్చు గాని మార్చడానికి వీల్లేదు. తన కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని మారుద్దామంటే అంత చోటు లేదు. కంప్యూటర్ల కంపెనీలో పనిచేసే ఆడపడుచుకు ఫోన్ చేసింది.

“పేరు పెట్టేముందు ఆలోచించాలి వదినా,” అంది ఆడపడుచు.

“ఇప్పుడు నాకు బుద్ధులు చెప్పకు. దారి చెప్పు.”

“సరే, ఆదేశాలు కొట్టే నల్ల తెర తెరువు. ఫోల్డర్ బయట నిలబడి మూట కడితే పేరుతో సహా పోతుంది. లోపలికెళ్లి కట్టు, సామాను మాత్రమే వెళ్తుంది. జిప్ అని కొట్టు. ఖాళీ. గీత, ఆర్. ఖాళీ. డ్రైవ్‌లో మూటకు ఏ పేరు కావాలో అది. ఖాళీ. చివర చుక్క.”

“చుక్కా?”

“చుక్కంటే ‘ఇక్కడున్నదంతా’ అని. దాన్ని మాత్రం మర్చిపోకు.”

చుక్క పెట్టింది. తెర మీద ఫైళ్ల పేర్లు జలజలా కిందికి జారాయి. నలభై నిమిషాలు కన్నార్పకుండా చూసింది. ఎక్కడా జిడ్డు లేదు. డ్రైవ్ తీసుకెళ్లి ఇంజినీరు చేతిలో పెట్టి, టీ తాగడానికి వెళ్లింది. సగం కప్పు కూడా కాకముందే పిలుపొచ్చింది.

ఇంజినీరు తన తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన మూటను తన కంప్యూటరు తెర మీదే విప్పాడు. సంచి లేని సామాను కదా, నాలుగు వేల పైచిలుకు పటాలు తెరంతా పరుచుకున్నాయి.

“తెర వెనక మా మనవరాలి ఫొటో ఉండాలి ఇక్కడ,” అన్నాడు. “కనబడటం లేదు. ఫోల్డర్ ఏదమ్మా?”

“లోపలివి మాత్రమే పంపానండి. చోటు కలిసొస్తుందని.”

“ఎంత కలిసొచ్చింది?”

ఆయన సొరుగులోంచి ఒక అచ్చు పటం తీసి బల్ల మీద పరిచి, కింద కుడి మూల వేలు పెట్టాడు. చీమకాళ్లంత అక్షరాల్లో, ఆ పటం సర్వర్‌లో ఎక్కడుందో చెప్పే దారి, ప్రింటరే అచ్చువేసిన వరుస. అందులో నడిమధ్య జిడ్డుగారు. పక్కనే ఆయన సంతకం.

“ప్రతి పటం మీదా వస్తుంది,” అన్నాడు.

ఆవిడకు భూమి చీలితే బాగుండుననిపించింది. “మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమండీ?”

“చెబితే మారుస్తారు. మారిస్తే పాత పటాల మీద ఒక దారి, కొత్త వాటి మీద ఒక దారి. కలవవు.” డ్రైవ్ తిరిగిచ్చాడు. “ఫోల్డర్‌తో సహా కట్టివ్వండి. సాయంత్రంలోగా.”

ఆయన మొహంలో కోపం ఉందేమోనని వెతికింది. ఏమీ లేదు. అప్పటికే కళ్లజోడు సర్దుకుని, తెర మీది పటాలను ఒక్కొక్కటీ ఎంచుకుని చెరిపేస్తున్నాడు. అన్నీ ఒకేసారి చెరిపే పద్ధతి చెప్పబోయి, ఆగి, చివరికి చెప్పింది. మనవరాలు బయటపడింది. పళ్లూడిన నోటితో నవ్వుతోంది. ఇంజినీరు కూడా రవంత నవ్వినట్టే ఉంది గాని, ఖాయంగా చెప్పలేం.

ఆవిడ వెనక్కి వెళ్లి, ఈసారి బయట నిలబడి మూట కట్టింది.

ఇంటికెళ్లే బస్సులో ఉండగా ఆడపడుచు ఫోన్ చేసింది. “పనయిందా వదినా?”

“రెండుసార్లయింది,” అంది పటాలక్క.