పదకొండు నిమిషాల ఖాళీ గది

అతని భార్య ఊపిరిని నలభై ముగ్గురు కోసి పంచుకున్నారు. వాళ్ళలో ఒకడికి మొదటి బహుమతి ఇచ్చారు. ఇందులో వాదించడానికేమీ లేదు. కాగితం మీద అచ్చయి ఉంది.

ఆ కాగితం అతని దుకాణంలో వార్నిష్ డబ్బా కింద ఉంది. అతను మోటార్లకు వైండింగ్ చేసేవాడు. కాలిన మోటారు తెస్తే పాత రాగితీగ కోసి పారేసి, కొత్త తీగ చుట్టి, ఆ చుట్టల్ని గాడుల్లో కూర్చి, వార్నిష్ పోసి, ఆరబెట్టి ఇచ్చేవాడు. ముప్పై నాలుగేళ్ళుగా అదే పని. చుట్లు పైకే లెక్కపెట్టేవాడు. మధ్యలో లెక్క తప్పితే మొత్తం విప్పి మొదటికి రావాలి. అందుకే తీగ చేతిలో ఉన్నంతసేపూ దేవుడొచ్చి పలకరించినా తల ఎత్తేవాడు కాదు. బేరింగు సంగతి చూడాలంటే స్క్రూడ్రైవర్ మొన మోటారు ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకునేవాడు. "ఆర్నెల్లు ఆడుతుంది" అనేవాడు. ఆర్నెల్లే ఆడేది.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు అతని భార్య ఆ స్క్రూడ్రైవర్ లాక్కుని తన చెవికి పెట్టుకుంది. అక్కడ పట్టుకుంది ఆమెకు చప్పుళ్ళ పిచ్చి.

ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసేది. అది మూతపడ్డాక చేతిలోకి ఒక రికార్డర్ వచ్చింది, తర్వాత ఒక కంప్యూటర్ వచ్చింది. దుకాణంలో మోటార్లు, వీధి చివర నీళ్ళ పంపు, పక్క భవనంలో లిఫ్టు, ఏది తిరిగితే దాన్ని రికార్డు చేసేది. ఆ చప్పుళ్ళను సాగదీసేది, నెమ్మది చేసేది, ఒకదాని మీద ఒకటి పేర్చేది. రాగం లేదు, తాళం లేదు. ఇరవై నిమిషాలు ఒకటే గుయ్యిమనడం. పక్కింటావిడ వచ్చి, "మీ మిక్సీ పాడైనట్టుందండీ, మెకానిక్ ఇంట్లో ఉండి కూడా ఇదేం ఖర్మ!" అంటే ఆమె పడీ పడీ నవ్వింది.

ఆ సంగీతం వినేవాళ్ళు కూడా లోకంలో ఉన్నారు. వాళ్ళకో చిన్న కంపెనీ ఉంది, పత్రిక ఉంది, అందులో రాసే సమీక్షకుడొకడున్నాడు. ఆమె మొదటి డిస్కు గురించి వాడు ఒకే వాక్యం రాశాడు: "ఈ చప్పుళ్ళను వినడం కంటే బాగుచేయించడం మేలు." ఆమె ఆ ముక్క కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించుకుంది. బట్టలు తీసినప్పుడల్లా చదివి నవ్వుకునేది. అతను నవ్వలేదు. ఆ వాక్యం రాసినవాణ్ణి అతను ఎన్నడూ క్షమించలేదు.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఏ చప్పుడు పట్టినా ముందు ఒక నిమిషంపాటు ఖాళీ గదిని రికార్డు చేసేది. ఆ నిమిషంలో ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఉంటుందట. తర్వాత పనిలో ఎక్కడైనా చిరుగు పడితే ఆ నిశ్శబ్దంతోనే అతుకు వెయ్యాలట. చొక్కాకు అదే గుడ్డతో అతుకు వేసినట్టు అని అతను అర్థం చేసుకున్నాడు. ఆ పని చేసేవాళ్ళంతా అలాగే చేస్తారనీ, అతుకు గుడ్డను ఎవరూ వినరనీ ఆమే చెప్పింది.

పద్నాలుగు నెలల కిందట, పొద్దున పదకొండు గంటలకు, దుకాణం వెనక గదిలో, మైకు ముందు కుర్చీలో ఆమె చనిపోయింది. గుండె. "నిద్రలో పోయినట్టు పోయింది. పిలవను కూడా పిలవలేదు" అని అతను మరదలికి ఫోన్లో చెప్పాడు. తర్వాత వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పాడు. మరదలు ఆ మాట పట్టుకునే బతికింది. అక్క నొప్పి తెలియకుండా పోయిందని పదిమందికి చెప్పుకుని కళ్ళు తుడుచుకునేది.

తర్వాత ఆ చిన్న కంపెనీ నుంచి ఒకామె ఉత్తరం రాసింది. మీ భార్య సగంలో వదిలిన రచనతో రీమిక్స్ పోటీ పెడతాం, ట్రాకులన్నీ ఇవ్వండి, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు తిరగరాస్తారు, గెలిచినదాన్ని డిస్కుగా వేస్తాం అని. అతను ఉత్తరం మడిచి పక్కన పడేశాడు. మరదలు తీసి చదివింది.

"ఇచ్చెయ్ బావా. అన్నీ పెట్టెలో పెట్టి చెదలు పట్టిస్తావా?"

"కంప్యూటర్‌కి చెదలు పట్టవే."

"నీకు పట్టాయిగా."

"నీ నోటికి పట్టవు, అదీ నా బాధ."

"అక్క పేరు నలుగురి నోటా వినపడితే నీకేం పోయింది? నీ దగ్గరుంటే నువ్వూ వినవు, ఇంకొకళ్ళనూ విననివ్వవు."

అందులో నిజం ఉంది కాబట్టి అతనికి కోపం వచ్చింది. కోపం వచ్చింది కాబట్టి ఇచ్చేశాడు. మొత్తం పన్నెండు ట్రాకులు. వారంపాటు రోజూ పని అయ్యాక కూర్చుని పదకొండింటినీ విన్నాడు. పంపు, లిఫ్టు, తను బాగుచేసిన పిండిమర మోటారు. పన్నెండో దానికి "ఖాళీ గది" అని పేరుంది, ఆ చివరి రోజు తేదీ ఉంది. నిమిషం ఉండాల్సింది పదకొండు నిమిషాలుంది. ఆపడం మర్చిపోయి ఉంటుందనుకున్నాడు. అతుకు గుడ్డను ఎవరు వింటారు? వినకుండానే మిగతావాటితో కలిపి పంపాడు.

నలభై మూడు రీమిక్సులు వచ్చాయి. ఒక్కరు కూడా పంపును ముట్టుకోలేదు. లిఫ్టును ముట్టుకోలేదు. అందరూ ఖాళీ గది మీదే పడ్డారు. ఎందుకంటే ఆ గది ఖాళీగా లేదు. అందులో ఒక ఆడమనిషి ఊపిరి తీస్తోంది.

అదే సమీక్షకుడు ఈసారి రెండు పేజీలు రాశాడు. "మోటార్లన్నీ ఒక ఎత్తు, ఆ పన్నెండో ట్రాకు ఒక ఎత్తు. శ్వాసను వాద్యంగా మలుచుకున్న ఈ కళాకారిణిని గుర్తించడంలో మనం ఆలస్యం చేశాం." ఆమె ముప్పై ఏళ్ళు పడ్డ కష్టం వాడికి చప్పుడు. ఆమె చావు వాడికి వాద్యం. అదీ అతని ఫిర్యాదు. బతికున్నప్పుడు తిట్టినందుకు కాదు, ఇప్పుడు పొగిడినందుకు వాడి పీక నులమాలనిపించింది.

పన్నెండో ట్రాకు అతను అప్పటికీ వినలేదు. కానీ అది ఇంట్లోకి వచ్చేసింది. ఫ్రిజ్ ఆగే ముందు ఒక్కసారి ఎగపీల్చేది. ట్యాంకులో నీళ్ళు పడేటప్పుడు మధ్యలో ఎవరో దమ్ము తీసుకున్నట్టు ఆగేది. పట్టపగలు, దుకాణం తలుపులు బార్లా తీసి ఉండగా, ఒక పంపు మోటారుకు స్క్రూడ్రైవర్ ఆనించి చెవి పెట్టాడు. లోపల ఊపిరి. పీల్చడం, ఆగడం, చాలాసేపు ఆగడం, వదలడం. మోటారు తిరగడం లేదు. దానికి అప్పటికి కరెంటు కూడా ఇవ్వలేదు. అతను స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, తెచ్చినవాడికి మోటారు తిరిగి ఇచ్చేశాడు.

"ఏం, దీనికేమైనా దయ్యం పట్టిందా?" అన్నాడు వాడు.

"దీనికి కాదు" అన్నాడు అతను.

డిస్కు వెయ్యాలంటే అతని సంతకం కావాలి. బహుమతి ఇచ్చే రోజున వచ్చి పెట్టమన్నారు. అతను ముందే తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు: "నా భార్య ఊపిరి తీసేసి మిగతాది వేసుకోండి. లేకపోతే ఏదీ వెయ్యడానికి వీల్లేదు." దాన్ని జేబులో పెట్టుకుని, మరదల్ని వెంటబెట్టుకుని మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాడు.

ఫర్నిచర్ దుకాణం పైన హాలు. మడత కుర్చీలు ఓ అరవై. గోడలకు మందపాటి తెరలు, నాలుగు మూలలా మనిషెత్తు స్పీకర్లు. కంపెనీ ఆవిడ ఎదురొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. సమీక్షకుడు వచ్చి చెయ్యి చాచాడు. సన్నగా, పొడుగ్గా, పుస్తకంలో మరిచిపోయిన ఆకులా ఉన్నాడు.

"మీ శ్రీమతి గారిని మేం చాలా ఆలస్యంగా..."

"చదివాను" అన్నాడు అతను. చెయ్యి ఇవ్వలేదు.

గెలిచినవాడు నలభై దాటిన మనిషి. కట్టుడు పళ్ళు తయారుచేస్తాడట. గోళ్ళలో ఇంకా తెల్ల పొడి ఉంది. పొగరు లేదు. అదే చిరాకు పుట్టించింది, ద్వేషించడానికి పట్టు దొరకలేదు.

"ఊపిరి అందరూ వాడారండీ. నాకు అందులో ఏవో మాటలు కలిసిపోయాయనీ, దాని వెనకాల ఇంకేదో ఉందనీ అనిపించింది. గోడకి అవతలినుంచి, చాలా సన్నగా. నెలరోజులు కూర్చుని దాన్ని పైకి తీశాను. మీకు నచ్చకపోతే మొహమాటపడకుండా చెప్పండి."

"చెప్తాను. మొహమాటం నాకు లేదు."

"లేదు లెండి, కావాలంటే నన్నడగండి" అంది మరదలు.

దీపాలు తగ్గించారు.

ముందు ఊపిరి వచ్చింది. నాలుగు మూలలనుంచీ వచ్చింది. అతను కుర్చీ అంచు పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఫ్రిజ్‌లో, పంపులో విన్నదే, ఒక్క పిసరు తేడా లేదు. మరదలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఆమె గొంతు. పాట కాదు, మాటే.

"ఏమండీ."

గోడ అవతలినుంచి జవాబు వచ్చింది. "వస్తున్నా." వెంటనే అదే గొంతు, పళ్ళ సందున: "యాభై రెండు. యాభై మూడు. యాభై నాలుగు."

ఊపిరి ఆగింది. మళ్ళీ మొదలైంది.

"ఏమండీ, ఒకసారి..."

"అరవై ఎనిమిది. అరవై తొమ్మిది. డెబ్బై."

మూడోసారి పిలుపు సగమే ఉంది. గెలిచినవాడు దాన్ని ముట్టుకోలేదు, ఉన్నదున్నట్టు వదిలాడు. కానీ లెక్కను పైకి లేపాడు. దాని మీద దాన్నే పేర్చాడు. ఒక గొంతు ఇరవై గొంతులైంది, హాలంతా లెక్కపెట్టింది. తొంభై. నూరు. నూట పది. ఆ లెక్క కింద ఎక్కడో ఊపిరి దారం తెగుతున్నట్టు వినపడింది, తర్వాత వినపడలేదు. లెక్క ఆగలేదు. నూట ఇరవై దగ్గర తీగను కత్తిరించిన చప్పుడు. అక్కడితో అయిపోయింది.

నూట ఇరవై చుట్లు. ఏ మోటారుకో కూడా అతనికి గుర్తొచ్చింది. కుర్చీ జరపమంటుందేమో, వైరు తగిలించమంటుందేమో అనుకున్నాడప్పుడు. ఆమె రోజుకు పదిసార్లు పిలిచేది, పదిసార్లూ అతను వస్తున్నా అనేవాడు. ఆ రోజు చుట్ట పూర్తి చేసి, కొసలు ముడేసి, చేతులు కడుక్కుని మరీ వెళ్ళాడు. పిలవలేదని చెప్పినప్పుడు అతను అబద్ధమాడాలనుకోలేదు. మర్చిపోయాడు. మర్చిపోవడానికి పద్నాలుగు నెలలు ఒళ్ళు వంచి కష్టపడ్డాడు.

జనం లేచి చప్పట్లు కొట్టారు. మరదలు లేవలేదు. అతనివైపు చూడలేదు.

సమీక్షకుడు మైకు అందుకున్నాడు. "ఎంత క్రూరమైన లయ! పిలుపుకు లెక్కతో జవాబివ్వడం! అసలు రచయిత్రి ఊహే అది, మన మిత్రుడు వెలికితీశాడు. ఆ మగ గొంతు కోసం ఆవిడ ఎవరో నటుణ్ణి పెట్టుకుని ఉండాలి, అంత నిర్లక్ష్యం మామూలు మనిషి గొంతులో పలకదు." ముందు వరసవైపు వంగాడు. "అయ్యా, అదెవరో మీకేమైనా తెలుసా?"

అరవైమంది అతనివైపు తిరిగారు. ఊపిరి వద్దంటే ఎందుకో చెప్పాలి. లెక్క తీసెయ్యమన్నా ఎందుకో చెప్పాలి. అతను లేచి కంపెనీ ఆవిడ చేతిలోని కాగితాలు తీసుకున్నాడు. జేబులోని తెల్లకాగితం జేబులోనే ఉంది.

"ఏమైనా తీసెయ్యమంటారా? మీకు ఇబ్బందిగా ఉంటే..." అందామె మెల్లగా.

"ఏదీ తియ్యొద్దు."

సంతకం పెట్టాడు. కింద పేర్ల పట్టిక ఉంది. రచన, రీమిక్స్, స్త్రీ శ్వాస. ఆఖరి గీత మీద "పురుష స్వరం" అని ఉంది, ఎదురుగా ఖాళీ. అతను అందులో "భర్త" అని రాసి, కలం మూత పెట్టి ఇచ్చేశాడు. ఆమె చదివి, ఎవరికీ చూపించకుండా కాగితం గుండెకు ఆనించుకుంది. కట్టుడు పళ్ళవాడు ఆమె భుజం మీదుగా చూశాడు. వాడి మొహం తెల్లబోయింది. "అయ్యో, నాకు తెలీదండీ, నేను..." అన్నాడు.

"నీ తప్పేం లేదు. నీ చెవి మంచిది" అన్నాడు అతను. ఆ రోజు అతను మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది అదొక్కటే.

మెట్ల మీద మరదలు అడ్డం నిలబడింది.

"పిలవలేదన్నావు."

అతను గోడవైపు జరిగి దారి చూసుకున్నాడు.

"మూడుసార్లు పిలిచింది బావా. నేనేమో నిద్రలో పోయిందని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఏదో ఒకటి అను. వినపడలేదని అయినా అను, నమ్ముతాను."

కింద దుకాణంలో ఎవరో బల్ల ఈడుస్తున్నారు. అది ఆగేదాకా అతను ఆగాడు.

"వినపడింది. ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఇక ఈ సంగతి నువ్వు అడిగినా, దేవుడు అడిగినా నా నోట రాదు. తప్పుకో."

ఆమె తప్పుకుంది. అతను దిగి వెళ్ళాడు. డిస్కు వచ్చింది, సమీక్షలు వచ్చాయి, ఉత్తరాలు వచ్చాయి, మరదలు రెండుసార్లు వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళింది. అతను మాట్లాడలేదు. మాట్లాడడు.