అలియాబాద్ నుంచి వచ్చిన నీడ

మేడ్చల్‌లో ఎరువుల దుకాణం మీది హెల్ప్‌లైన్ గదిలో రోజారాణి పొద్దున్నే కిటికీలు తెరిచి, ఫోను తుడిచి, ఎదురుగా ఒక కుర్చీ వేసేది. హెచ్‌ఐవీ గురించి అడగడానికి ఎవరు ఫోను చేసినా, మాట మొదలవగానే వాళ్ల నీడ వచ్చి అందులో కూర్చునేది. ఫోను పెట్టేయగానే లేచి పోయేది. లారీ డ్రైవర్ల నీడలు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడేవి. జ్వరంతో ఉన్నవాళ్ల నీడలు వణికితే, గది ఊడ్చే ఐలమ్మ ఫ్యాను ఆపేది.

2004 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అలియాబాద్ చౌరస్తాలోని కాయిన్ బాక్సు నుంచి స్రవంతి అనే ఆమె మాట్లాడింది.

“మా ఆయన గీ రోగంతోనే పోయిండక్కా. నాకు గూడ ఉన్నదన్నరు. ఇగ ఎవలి కోసం మందులు మింగాలె?”

“నీకు ఎవలు లేరా చెల్లె?”

“ఎవ్వలు లేరు.”

కుర్చీలోని నీడ రెండు చేతులతో కడుపును పొదివి పట్టుకుంది. ఫోను చేసినవాళ్లు చెప్పనిది అడగొద్దని హెల్ప్‌లైన్ నియమం. రోజారాణి తటపటాయించింది.

“ఎన్నో నెల?”

అటువైపు లారీ హారన్ మోగింది.

“నీడ జెప్పిందా? దానికి ఏదీ కడుపుల దాగదు,” అంది స్రవంతి. “ఏడో నెల. రోగపు బిడ్డ మనకెందుకని, రేపు మా అత్త మంత్రసానితోని తీపిస్తదంట.”

“రోగపు బిడ్డని ఎవలన్నరు? నొప్పులప్పుడు నీకు గోలి, పుట్టంగనే బిడ్డకు మందు ఇస్తరు. చానమంది పిల్లలకు రాకుండ ఆగుతున్నది. సర్కారు దవాఖానకు నేను తోల్కపోత. రా చెల్లె.”

“రాను. నలుగురికి తెలుస్తది,” అని ఆమె ఫోను పెట్టేసింది.

నీడ లేవలేదు. సాయంత్రం ఐలమ్మ “ఇంటికి పోవా బిడ్డా?” అని అడిగినా కదల్లేదు. రోజారాణి తాళం వేయకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

మర్నాడు ఎండ ముదిరాక ఒక బక్కపిల్ల కడుపు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఆమె కాళ్ల దగ్గర నీడ లేదు.

“నాది గీడనే ఉన్నదా అక్కా? నీడ లేనిదాని మీద చెయ్యి వెయ్యనన్నది మంత్రసాని. పోయి తెచ్చుకొమ్మని మా అత్తనే బస్సెక్కిచ్చింది.”

స్రవంతి పిలిచింది. నీడ రాలేదు. బతిమాలింది. అది ఇంకా ఒదిగి కూర్చుంది.

“దవాఖానకంటే లేస్తదేమో,” అంది ఐలమ్మ.

స్రవంతి దాన్ని చాలాసేపు చూసింది. ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకుంది.

“సరే తియ్. పోదాం.”

నీడ లేచి వచ్చి ఆమె కాళ్లను అంటుకుంది. ఐలమ్మతో కలిపి ముగ్గురూ మెట్లు దిగారు.

ఆడపిల్ల పుట్టింది. స్రవంతి తన మందులూ మానలేదు. పాపకు ఏడాదిన్నర దాటాక దవాఖానలో రక్తపరీక్ష చేశారు. డాక్టరమ్మతో మాట్లాడి బయటికొచ్చిన రోజారాణి, “పాపకు లేదు,” అంది.

స్రవంతి బిడ్డను చంకనేసుకుని గోడకు ఆనుకుంది.

“మల్లొక్కసారి జెప్పక్కా.”

“లేదు చెల్లె. లేదు.”