మంత్రిగారి గదిలో టీ

పాపకి ఈత బట్టలు సర్దాలి. మామగారి మాత్రలు డబ్బాలో వెయ్యాలి. మా ఆయన గ్రెగ్ చొక్కా ఇస్త్రీ చెయ్యాలి. తను చేసుకోగలడు కానీ, తన చేతికి కాలరు ముడతలు పోవట. కుక్కని తిప్పుకురావాలి. రైలు అందుకోవాలి. మంత్రిగారి భార్య పుట్టినరోజుకి పూలు పంపాలి, కార్డు మీద ఆయనే రాసినట్టు రాయాలి. ఆయన్ని కలవడానికి వచ్చే పెద్దమనిషికి కుర్చీ వేయించాలి. మా ఆడపడుచు పౌలీన్‌కి ఫోన్ చెయ్యాలి.

ఆ చివరి పనిని రోజూ మర్నాటికి నెడుతున్నాను. ఉద్యోగం పోగొట్టుకుని, ఒక ముసలావిడ చావుకి కారణమనిపించుకుని ఇంట్లో కూర్చున్న మనిషితో ఏం మాట్లాడాలి?

నేను లండన్‌లో ఒక మంత్రి దగ్గర కార్యదర్శిని. మా పుట్టిల్లు ఉత్తరాన రోథర్‌హామ్. నాన్న ఉక్కు మిల్లులో పనిచేశాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ప్రభుత్వ ఉద్యోగమంటే నిబంధన ప్రకారం నడుచుకోవడమే అనుకుని వచ్చాను. మా పనిలో ఒక నిబంధన ఉంది: బయటివాళ్ళు మంత్రితో పని గురించి మాట్లాడేటప్పుడు మాలో ఒకరు పక్కన కూర్చుని రాసుకోవాలి. ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో తర్వాత జనానికి వెల్లడించాలి.

క్రిస్పిన్ లాంగ్డన్ వచ్చినప్పుడల్లా నేనే కూర్చునేదాన్ని. వృద్ధాశ్రమాలు నడిపే పెద్ద కంపెనీల తరఫున పైరవీ చేస్తాడాయన. వానల గురించి, గుర్రాల గురించి కాసేపు మాట్లాడుకున్నాక మంత్రి ఎయిన్‌స్లీ గారు నావైపు తిరిగేవారు.

"హెదర్ తల్లీ, కాస్త టీ పట్టుకొస్తావా? నీ చేతి టీయే వేరు."

"అదృష్టవంతులండీ మీరు. మా ఆఫీసులో టీ అడిగితే మిషను చూపిస్తారు," అని నవ్వేవాడు లాంగ్డన్.

నా స్థానంలో మగవాడు కూర్చుంటే టీ ఊసే రాదు. ఒళ్ళు మండేది. ఇంటికొచ్చి చెబితే గ్రెగ్ టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "టీ పెట్టడానికి నామోషీ ఏంటే? ఇంట్లో పెట్టట్లేదా?" అన్నాడు. మా అత్తగారైతే, "నీ టీ బాగుందన్న మొదటి మగాడు మంత్రా! ఇంకేం కావాలమ్మా," అని వెక్కిరించింది. ఆడదానికి ఎక్కడైనా తప్పని చిన్న అవమానమే కదా అని సర్దుకున్నాను. అలా సర్దుకోవడం మాకు ఉగ్గుపాలతోనే వస్తుంది.

నేను టీ పట్టుకొచ్చేసరికి మాటలు మళ్ళీ గుర్రాల దగ్గరికి వచ్చేసేవి. కప్పులు చాలాసార్లు నిండుగానే తిరిగొచ్చేవి.

వృద్ధాశ్రమాల్లో రాత్రిపూట ప్రతి అంతస్తులో ఇద్దరు పనివాళ్ళు ఉండి తీరాలని ఒక చట్టం రావాల్సింది. అలాంటి ఒక టీ తర్వాతే అది వాయిదా పడింది. పౌలీన్ పనిచేసే ఆశ్రమంలో అంతస్తు మొత్తానికి రాత్రంతా ఆమె ఒక్కతే. "వదినా, ఇద్దరు ఒకేసారి బెల్లు కొడితే నన్ను రెండు ముక్కలు చేసుకోమంటారా ఏంటి?" అని నవ్వుతూనే అనేది. చలికాలంలో అదే జరిగింది. ఆమె ఒక గదిలో ఊపిరాడని మనిషిని ఎత్తి కూర్చోబెడుతుండగా, నడవా చివరి గదిలో ఐవీ హాలమ్ అనే ఆవిడ మంచం దిగబోయి పడిపోయింది. పౌలీన్ వెళ్ళేసరికి అయిపోయింది. కంపెనీవాళ్ళు నిర్లక్ష్యం అని పౌలీన్‌ని తీసేశారు.

అప్పుడు నేను మా ఆఫీసు పెద్ద రోడ్రిక్ గారిని అడిగాను. "మనం వెల్లడించినవాటిలో లాంగ్డన్ పేరు ఎక్కడా లేదేమిటండీ? ఎన్నో సమావేశాలు జరిగాయి కదా."

ఆయన చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "సమావేశాలా? పాత స్నేహితుల కబుర్లమ్మా అవి. పని మాట్లాడుకున్నట్టు ఎవరు విన్నారు? నువ్వు గదిలో లేవుగా."

వాళ్ళకి కావలసింది టీ కాదు. నేను గదిలో లేకపోవడం. నా ఆడతనం వాళ్ళకి చక్కగా పనికొచ్చింది. మగవాణ్ణి బయటికి పంపాలంటే కారణం చెప్పాలి. నన్ను పంపడానికి కెటిల్ చాలు.

కుర్చీ వేయించిన ఆ ఉదయం వచ్చింది లాంగ్డనే. ఆ చట్టాన్ని పూర్తిగా పక్కన పడేయించుకోవడానికి వచ్చాడు. వానలయ్యాయి, గుర్రాలయ్యాయి.

"హెదర్ తల్లీ, టీ..."

"క్షమించాలండీ. నేను కూర్చుని రాసుకోవాలి."

"రాసుకోవడానికి ఇక్కడేముందమ్మా?"

"అయితే లాంగ్డన్ గారు ఎందుకొచ్చినట్టండీ?"

మంత్రిగారి నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. లాంగ్డన్ కిటికీలోంచి వర్షాన్ని చూశాడు, గడియారం చూశాడు, కోటు తీసుకున్నాడు. నేను ఆయన పేరు రాశాను. ఎవరి తరఫున వచ్చాడో రాశాను.

తర్వాత నన్ను ఎవరూ రాని ఒక విభాగానికి మార్చారు. "హాయిగా ఉన్నదాన్ని పాడుచేసుకున్నావు," అంటాడు గ్రెగ్. పౌలీన్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. ఆమెకి మళ్ళీ ఎవరూ పని ఇవ్వడం లేదు. నేను రాసిన పేరు వెల్లడయ్యాక విలేకరులకి సంగతి తెలిసి రోజూ రాస్తున్నారు: మంత్రి దిగుతాడా, దిగడా, తర్వాత ఎవరొస్తారు అని. ఆ చట్టం సంగతి ఎవరూ అడగడం లేదు. అది ఇంకా రాలేదు.

మంత్రి పేరు పేపర్లు గుర్తుపెట్టుకుంటాయి. నా పేరు మరిచిపోయినా పర్వాలేదు. మీరు మాత్రం ఐవీ హాలమ్‌ని గుర్తుపెట్టుకోండి. ఆవిడ తొందరపడి మంచం దిగలేదు. ముందు బెల్లు కొట్టింది. చాలాసేపు కొట్టింది.